శాన్ హోసే పార్కులో చైనావాళ్ల పాత గుడి – మీలో ఎవరైనా చూశారా?

మిరపతోట (సన్నీవేల్) – శనివారం రాత్రి 9.40

పుట్టినరోజు పార్టీ ఒకటి ఆఖరి నిమిషంలో క్యాన్సిల్ అయింది. అప్పటికే పిల్లలిద్దరికీ బూట్లు తొడిగేశాం. బూట్లు తొడిగాక ఇంట్లో కూర్చోబెట్టడం మన వల్ల అయ్యే పని కాదు కాబట్టి కెల్లీ పార్కులో ఉన్న హిస్టరీ పార్కుకి తీసుకెళ్లాం. పార్కింగ్‌కి డబ్బులు కట్టాలని తెలిసి మావారు మొహం మాడ్చుకున్నారు, అది వేరే సంగతి.

లోపల పాత ఇళ్లు, పాత ట్రామ్ బండి లాంటివి ఉన్నాయి. వాటి మధ్య రెండంతస్తుల ఇటుక భవనం ఒకటి కనిపించింది. పేరు ఇంగ్ షింగ్ గుంగ్ అట, నేను సరిగ్గా పలుకుతున్నానో లేదో తెలీదు. అయిదుగురు దేవతల గుడి అని అర్థం. కింద మ్యూజియం, పైన పూజామండపం. మెట్లెక్కి పైకి వెళ్లగానే మా చిన్నది నా చెయ్యి వదిలేసి చెప్పులు విప్పబోయింది. ఎవరూ చెప్పలేదు దానికి. ఆ చెక్కడం, ఆ బంగారు రంగు, ఆ ఎరుపు చూసి "అమ్మా, టెంపుల్" అంది.

అక్కడున్న పెద్దాయన, వాలంటీరు అనుకుంటా, నవ్వి "పర్లేదు, బూట్లతోనే రావచ్చు" అన్నాడు. తర్వాత ఓ అరగంట మాకే కేటాయించాడు. ఈ ఊళ్లో చైనాటౌన్ ఉండేదని, దాన్ని తగలబెట్టారని అప్పుడే తెలిసింది. పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. డౌన్‌టౌన్‌లో దోశ తిన్న చోటికి రెండు సందుల అవతల జరిగిన కథ అది.

మీలో ఎవరైనా చూశారా? ఇలాంటివి ఇంకా ఎక్కడున్నాయి? పిల్లల్ని తీసుకెళ్లాలని అడుగుతున్నాను.

---

కరివేపాకు (ఫ్రీమాంట్) – శనివారం రాత్రి 10.15

గుడికి వెళ్లి ప్రసాదం లేకుండా వచ్చారా? అది గుడి కాదు, మ్యూజియమే.

సరదాకన్నాను. నాకైతే ఇలాంటివి చూస్తే కాస్త నీరసం వస్తుంది. వాళ్లు వచ్చి నూట డెబ్భై ఏళ్లు దాటింది, మనం వచ్చి యాభై. మనకి ఊరికో గుడి ఉంది, గుడికో కళ్యాణ మండపం ఉంది, శనాదివారాలు తెలుగు క్లాసులున్నాయి. ఇంతకన్నా సంస్కృతిని ఎవరు కాపాడతారండీ?

---

లెక్కలమాస్టారు (శాక్రమెంటో) – శనివారం రాత్రి 11.02

మిరపతోట గారూ, ఒక చిన్న సవరణ. మీరు చూసింది అసలు భవనం కాదు. అసలు గుడి 1888లో కట్టారు, 1949లో కూల్చేశారు. ఇప్పుడున్నది దాని నమూనాగా 1991లో తెరిచిన భవనం. పైన మీ అమ్మాయి చెప్పులు విప్పబోయిన మండపం మాత్రం అసలుదే. గుడి పోయినా దాన్ని ఎక్కడో దాచిపెట్టారు, నలభై ఏళ్ల తర్వాత మళ్లీ నిలబెట్టారు. కాబట్టి మీ పాప లెక్క తప్పలేదు.

వరస ఇదీ. శాన్ హోసే డౌన్‌టౌన్‌లో మార్కెట్ స్ట్రీట్ చైనాటౌన్‌లో వెయ్యి మందికి పైగా ఉండేవాళ్లు. 1887 మార్చిలో నగర పాలకులు దాన్ని ఊరికి పట్టిన పీడగా తీర్మానించారు. మే 4న ఎవరో నిప్పు పెట్టారు. మొత్తం కాలిపోయింది. అప్పుడు జాన్ హైన్లెన్ అనే జర్మన్ వలసదారు తన స్థలం వాళ్లకి లీజుకిచ్చాడు. ఊరంతా ఆయన మీద విరుచుకుపడింది. అయినా ఇచ్చాడు. ఆ పేటే హైన్లెన్‌విల్. చుట్టూ ఎత్తు కంచె. లోపల కట్టుకున్న మొదటి పెద్ద కట్టడాల్లో ఒకటి ఈ గుడి. పైన దేవుళ్లు, కింద బడి, సమావేశాలు. మన భాషలో చెప్పాలంటే రామాలయం అరుగు.

1930ల మాంద్యంలో హైన్లెన్ కుటుంబ సంస్థ దివాలా తీసి స్థలం నగరం చేతికి వెళ్లింది. ఆ తర్వాతదే కూల్చివేత. 2021 సెప్టెంబరులో నగర మండలి అధికారికంగా క్షమాపణ చెప్పింది. మంట పెట్టిన 134 ఏళ్లకి.

ఆ అయిదుగురిలో క్వాన్ యిన్ ఒకరు. మన బౌద్ధుల అవలోకితేశ్వరుడే చైనా వెళ్లాక అమ్మవారిగా మారాడు. కరివేపాకు గారు ప్రసాదం అడగడంలో పూర్తి తప్పేం లేదు.

---

మిరపతోట – ఆదివారం ఉదయం 7.20

మాస్టారూ, థాంక్సండీ. ఆ పెద్దాయన ఇదంతా చెప్పే ఉంటాడు, నేను చిన్నదాన్ని మెట్ల దగ్గర పట్టుకోవడంలో సగం వినలేదు.

నన్ను బాగా పట్టుకున్నది మండపం కాదు, కింద గాజు పెట్టెలో ఉన్న గిన్నె ముక్క. అంచు విరిగిన అన్నం గిన్నె, నీలం రంగులో వెదురు ఆకుల్లాంటి బొమ్మ. పక్కనే అరిగిపోయిన ఎముక పిడి టూత్‌బ్రష్. "ఇవెక్కడివి?" అని అడిగితే, 1985 ప్రాంతంలో డౌన్‌టౌన్‌లో పెద్ద హోటల్ కట్టడానికి తవ్వుతుంటే కాలిపోయిన చైనాటౌన్ బయటపడిందని చెప్పాడు. పెట్టెలకి పెట్టెలు దొరికాయట. చాలా ఏళ్లు వాటిని ఎవరూ విప్పి చూడలేదట, తర్వాత స్టాన్‌ఫర్డ్ వాళ్లు పూనుకుని శుభ్రం చేసి జాబితా రాస్తున్నారట.

టూత్‌బ్రష్ అండీ. మనం మూడు నెలలకోసారి పారేసేది.

---

గోదారిగట్టు (ఎడిసన్, న్యూజెర్సీ) – ఆదివారం ఉదయం 8.55

అమ్మా మిరపతోటా, పారేసేవి అన్నావు కాబట్టి చెబుతున్నా. న్యూయార్క్‌లో మ్యూజియం ఆఫ్ చైనీస్ ఇన్ అమెరికా ఉంది. అది పుట్టిందే చెత్తకుండీల్లోంచి. 1980లో జాక్ చెన్, చార్లీ లై అనే ఇద్దరు మొదలుపెట్టారు. అప్పుడు దాని పేరు న్యూయార్క్ చైనాటౌన్ హిస్టరీ ప్రాజెక్ట్. చాకలి షాపులు నడిపిన మొదటి తరం ముసలాళ్లు పోతుంటే గదులు ఖాళీ చేసేవాళ్లు వాళ్ల సామాను వీధిలో పెట్టేవారు. ట్రంకు పెట్టెలు, షాపు బోర్డులు, ఇస్త్రీ పెట్టెలు, ఊరి నుంచి వచ్చిన ఉత్తరాలు. వీళ్లు వెళ్లి ఏరుకొచ్చేవారు.

ఇప్పుడు సెంటర్ స్ట్రీట్‌లో ఉన్న మ్యూజియం 2009లో తెరిచారు, మాయా లిన్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేసింది. బాగుంటుంది. కానీ అసలు నిధి మల్బరీ స్ట్రీట్‌లో 70 నంబరు పాత స్కూలు బిల్డింగ్‌లో ఉండేది, 85,000 వస్తువులు. 2020 జనవరి 23 రాత్రి ఆ బిల్డింగ్ అంటుకుంది. వాళ్ల కొత్త సంవత్సరం ఇంకో రెండు రోజులుందనగా. మా అబ్బాయి ఆఫీసు అటువైపే, తెల్లారి ఫోన్ చేసి "నాన్నా, ఇంకా నీళ్లు కొడుతూనే ఉన్నారు" అన్నాడు. మంటకన్నా నీళ్లే ఎక్కువ భయపెట్టాయి. తడిసిన కాగితం రెండు రోజులాగితే బూజు పడుతుంది. పైగా బిల్డింగ్ కూలేలా ఉందని లోపలికి వెళ్లనివ్వలేదు. చివరికి పెట్టెలు బయటికి తెచ్చి, తడిసిన వాటిని గడ్డకట్టించి, ఆరబెట్టి, చాలావరకు దక్కించుకున్నారు.

అందరూ పోయిందనుకున్నారు, నేనూ అనుకున్నా. 1982లో నేను ఈ దేశం వచ్చినప్పుడు తెచ్చుకున్న ట్రంకు పెట్టె ఇప్పటికీ గ్యారేజీలో ఉంది. దాన్ని పారేయమని మా ఆవిడ పదేళ్లుగా పోరు. ఆ వార్త విన్న రోజు మాత్రం ఏమీ అనలేదు.

---

బస్తీపోరడు (హ్యూస్టన్) – ఆదివారం ఉదయం 10.30

అన్నలూ అక్కలూ, ఒక డౌట్. ఇవన్నీ మ్యూజియాలు కదా. కమ్యూనిటీ సెంటర్ అంటే వేరేగా ఉంటది. ఇక్కడ హ్యూస్టన్‌ల చైనీస్ కమ్యూనిటీ సెంటర్ ఉంది, 1979ల వారాంతపు చైనీస్ బడిగా మొదలైందంట. ఇప్పుడు చిన్నపిల్లల డేకేర్, ముసలోళ్లకు లంచ్, ఇంగ్లిష్ క్లాసులు, ట్యాక్స్ ఫారాలు నింపిపెట్టుడు, అన్నీ ఉంటయి. నా రూమ్మేట్ అక్కడ ట్యాక్స్ సీజన్‌ల వాలంటీర్. చైనీస్ ఒక్క ముక్క రాదు వాడికి, ఫారాలు మాత్రం మస్తు నింపుతడు. చైనావాళ్లే కాదు, ఎవరైనా వస్తరు.

వాడు చెప్పేదేంటంటే, సింహం డ్యాన్స్ ప్రాక్టీస్ అక్కడి గదుల్లోనే జరుగుతదంట, డోలు చప్పుడుకు పక్క గదిల ఫారం నింపేటోడు ఒక సున్నా ఎక్కువ రాసిండంట.

---

కరివేపాకు – ఆదివారం ఉదయం 11.10

ఆ సున్నా ఆదాయంలో పడిందా, రీఫండ్‌లో పడిందా?

---

సగంతెలుగు (ఓక్లాండ్) – ఆదివారం మధ్యాహ్నం 2.45

అందరికీ నమస్తే. నేను ఇక్కడే పుట్టాను, తెలుగు వారాంతపు క్లాసులో, మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. తప్పులుంటే క్షమించండి. రెండేళ్లుగా చదువుతున్నాను, ఇదే మొదటిసారి రాయడం. ఈ టాపిక్ మా ఇంటిది కాబట్టి ఆగలేకపోయాను.

మావారు చైనీస్ అమెరికన్, నాలుగో తరం. వాళ్లకి రెండు ఇంటిపేర్లు. పాస్‌పోర్టు మీద ఒకటి, ఇంట్లో ఒకటి. పెళ్లయిన కొత్తలో నాకు అర్థం కాలేదు. ఒకసారి వాళ్ల ముత్తాత సమాధి దగ్గరికి తీసుకెళ్లారు. రాయి మీద ఇంగ్లిషులో ఒక ఇంటిపేరు, దాని పక్కన చైనీస్ అక్షరాల్లో వేరే ఇంటిపేరు. చైనీస్ చదవడం వస్తేనే నిజం తెలుస్తుంది.

ఎందుకంటే 1882 చట్టం తర్వాత చైనా కూలీలు ఈ దేశంలోకి రాకూడదు. పౌరుల పిల్లలైతే రావచ్చు. 1906 భూకంపంలో శాన్ ఫ్రాన్సిస్కోలో జనన రికార్డులన్నీ కాలిపోయాయి. దాంతో చాలామంది "నేను ఇక్కడే పుట్టాను, ఊళ్లో నాకు ఇంతమంది కొడుకులు" అని రాయించుకుని, ఆ కొడుకుల స్థానాలు వేరేవాళ్లకి అమ్మేవారు. వాళ్లనే కాగితపు కొడుకులు అంటారు. మావారి ముత్తాత అలా వచ్చినవారే.

ప్రభుత్వానికీ ఇది తెలుసు. అందుకే శాన్ ఫ్రాన్సిస్కో తీరంలో ఏంజెల్ ఐలాండ్ అనే దీవిలో ఆపి వారాలు, నెలలు ప్రశ్నించేవాళ్లు. మీ ఇంటి ముందు ఎన్ని మెట్లు? బియ్యం కుండ ఏ మూల ఉంటుంది? బావి ఇంటికి ఏ వైపు? రెండో వరసలో మూడో ఇల్లు ఎవరిది? "తండ్రి" చెప్పిన జవాబు, "కొడుకు" చెప్పిన జవాబు కలవాలి. కలవకపోతే తిరుగు ఓడ. అందుకని ఓడలో జవాబులు బట్టీ పట్టి, ఒడ్డుకి చేరకముందే ఆ కాగితాలు సముద్రంలో పడేసేవాళ్లు.

ఇప్పుడు అసలు విషయం. ఆ ప్రశ్నలు, జవాబులు టైపు చేసిన ఫైళ్లు శాన్ బ్రూనోలో ప్రభుత్వ ఆర్కైవ్‌లో ఉన్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో చైనీస్ కల్చర్ సెంటర్, చైనీస్ హిస్టారికల్ సొసైటీ కలిసి 1991లో రూట్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. మావారు కాలేజీ రోజుల్లో అందులో చేరారు. ముందు శాన్ బ్రూనో వెళ్లి మీ కుటుంబం ఫైలు తీయాలి, తర్వాత దక్షిణ చైనాలో పెర్ల్ నది వైపు మీ ఊరు వెళ్లాలి. ఆయన ముత్తాత ఫైలులో ఊరి మ్యాప్ ఉంది, చేత్తో గీసింది. వాళ్లని లోపలికి రానివ్వకూడదని రాయించిన కాగితం అది. దాన్ని పట్టుకునే మావారు ఆ ఊళ్లో ఇల్లు వెతుక్కున్నారు. బావి అక్కడే ఉందట. మెట్లు మాత్రం లెక్క తప్పాయట, ఎవరో కొత్తగా ఒకటి కట్టారు.

---

మిరపతోట – ఆదివారం మధ్యాహ్నం 3.05

అమ్మో. మీ తెలుగు మాకంటే బాగుంది, క్షమించడాలేమీ లేవు. ఆ రెండు ఇంటిపేర్ల సమాధి రాయి కళ్ల ముందే ఉంది.

---

లెక్కలమాస్టారు – ఆదివారం సాయంత్రం 5.30

సగంతెలుగు గారూ, చాలా బాగా చెప్పారు. ఆ చట్టం 1943 దాకా అమల్లో ఉంది. రద్దయ్యాక కూడా ఏడాదికి 105 మందినే రానిచ్చారు. దేశం మొత్తానికి, 105.

"మనం వేరు, వాళ్లు వేరు" అని కరివేపాకు గారు అనబోతున్నట్టున్నారు కాబట్టి ముందే చెబుతున్నా. 1917లో వచ్చిన చట్టం మన దేశాన్ని కూడా ఆ కంచె అవతలే పెట్టింది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ వలసదారు కేసులో సుప్రీంకోర్టు భారతీయులకి పౌరసత్వ అర్హత లేదని తేల్చింది. మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1920లలో బోస్టన్ చేరారు. ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్‌ల మీద ఆయన చేసిన పని ప్రపంచానికి తెలుసు. కానీ 1946 చట్టం వచ్చేదాకా ఆయనకి ఈ దేశంలో పౌరసత్వం అడిగే హక్కే లేదు. 1948లో పోయారు. లెక్క మీరే వేసుకోండి.

ఏంజెల్ ఐలాండ్‌లో పంజాబీలు కూడా ఉన్నారు. వాళ్లని ఆపి ఉంచిన భవనం గోడల మీద చైనా వాళ్లు చెక్కిన పద్యాలు రెండొందలకి పైగా దొరికాయి. ఆ భవనాన్ని కూల్చేద్దామనుకుంటున్న సమయంలో, 1970లో, ఒక పార్కు రేంజరు టార్చిలైటు వేసి వాటిని చూశాడు. అతను చూడకపోతే ఆ పద్యాలు చెక్కపొట్టే.

ఇంకోటి. అమెరికాని అడ్డంగా దాటే మొదటి రైలు మార్గం వేసినప్పుడు సెంట్రల్ పసిఫిక్ కంపెనీ దగ్గర పనిచేసిన చైనా కూలీలు వేలల్లో ఉన్నారు. 1867లో సమ్మె కూడా చేశారు. వాళ్లలో ఒక్కరు రాసిన ఉత్తరం కూడా ఇంతవరకు దొరకలేదు. చరిత్రకారులు రెండు దేశాల్లోనూ వెతికారు. ఒక్కటి కూడా లేదు.

---

కరివేపాకు – ఆదివారం రాత్రి 8.40

మాస్టారూ, నేనేమీ అనకముందే కొట్టారు, సరే.

ఒప్పుకుంటున్నాను. కానీ నా అనుమానం ఇంకా ఉంది. వాళ్ల దగ్గర చెప్పడానికి కథ ఉంది, నిప్పు, సముద్రం, దొంగ ఇంటిపేర్లు. మన దగ్గరేముంది చెప్పండి? హెచ్1బి రసీదులు, ఇమ్మిగ్రేషన్ ఆఫీసు వాళ్ల ఎక్స్‌ట్రా ప్రశ్నలు, అపార్టుమెంటు లీజులు, పటేల్ బ్రదర్స్ బిల్లులు. అవి కూడా జీమెయిల్‌లో ఉన్నాయి. ఎవడు చూస్తాడు?

---

పాలపిట్ట (సియాటిల్) – ఆదివారం రాత్రి 9.25

కరివేపాకన్నా, బిల్లులే చూస్తరు. నేను చూసిన.

ఒరెగాన్‌ల జాన్ డే అనే చిన్న ఊరుంది. నడి ఎడారి అనుకోండి. అక్కడ కమ్ వా చుంగ్ అనే రాతి దుకాణం. ఇద్దరు చైనా మిత్రులు నడిపిన్రు, ఒకాయన వ్యాపారం, ఇంకోకాయన వైద్యం. ఆ వైద్యుడిని డాక్ హే అనేవాళ్లు, నాడి పట్టుకుని రోగం చెప్పేటోడంట, మా తాత లెక్క. చుట్టుపక్కల తెల్లోళ్లంతా ఆయన దగ్గరకే వచ్చేవాళ్లు. 1948ల తుంటి దెబ్బ తగిలి ఆయనను పోర్ట్‌లాండ్ తీసుకపోయిన్రు, మళ్ల రాలే. దుకాణానికి తాళం. దాదాపు ఇరవై ఏళ్లు అట్లనే ఉంది. తెరిచి చూస్తే మందు డబ్బాలు, సరుకులు, లెక్కల పుస్తకాలు, ఎక్కడివి అక్కడే ఉన్నయి. మంచం కింద చెక్కులు దొరికినయి, బ్యాంకుల వేయనివి, మొత్తం 23,000 డాలర్లకు పైన. పేదోళ్లు కదా అని ఆయన వేసుకోలేదంటరు.

మేము ఆరు గంటలు డ్రైవ్ చేసి పోయినం. లోపలికి కొద్దిమందినే పంపుతరు. నిలబడి ఆ అలమారా చూస్తుంటే మావోడు "నాన్నా, ఎక్స్‌పైరీ డేట్ లేదు" అన్నడు.

ఇక మా సియాటిల్‌ల వింగ్ లూక్ మ్యూజియం. వింగ్ లూక్ అనేటాయన 1962ల సిటీ కౌన్సిల్‌కి గెలిచిండు, 1965ల విమానం కూలి పోయిండు. ఆయన పేరు మీద 1967ల మొదలైంది. ఇప్పుడున్న బిల్డింగ్ 1910ల 170 మంది చైనా వలసోళ్లు తలా ఇంత వేసుకుని కట్టిచ్చిన్రు, మనం చిట్టీ వేసుకున్నట్టు. పైన ఒంటరి కూలీల గదులు, ఒక్కో గదిల మంచం పడితే మనిషి పట్టడు. వాటిని అట్లనే ఉంచి చూపిస్తరు. అక్కడ ఏ ఎగ్జిబిషన్ పెట్టాలన్నా ముందు ఆ కమ్యూనిటీ వాళ్లను కూర్చోబెట్టి అడుగుతరు, ఏం చెప్పాలి, ఏ సామాను పెట్టాలి అని.

---

నల్లరేగడి (చికాగో) – ఆదివారం రాత్రి 10.50

అందరూ మురిసిపోతున్నారు బాగానే ఉంది. ఈ సెంటర్లన్నీ చైనా ప్రభుత్వం డబ్బుతో నడుస్తాయని ఎక్కడో చదివాను. మనం వెళ్లి టికెట్లు కొని మరీ

---

మోడరేటర్ – ఆదివారం రాత్రి 11.05

నల్లరేగడి గారి పోస్టు మిగతా భాగం తీసేశాం. దేశాల మధ్య గొడవలకి వేరే విభాగం ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ టాపిక్ మీద రాయండి.

---

సగంతెలుగు – సోమవారం ఉదయం 6.50

నల్లరేగడి గారికి ఒక్క మాట, గొడవకి కాదు. "చైనావాళ్లు" అని ఒకే ముద్ద లేదు. మావారి నాయనమ్మ మాట్లాడేది తోయిసాన్ యాస, దక్షిణ చైనాలో ఒక ప్రాంతపు మాట. మొదట్లో వచ్చిన వాళ్లలో ఎక్కువమంది ఆ ప్రాంతం వాళ్లే. 1965 చట్టం తర్వాత తైవాన్ నుంచి వచ్చినవాళ్లు వారాంతపు బడులు పెట్టారు, అక్కడ పాత సంప్రదాయ లిపి, ఉచ్చారణ నేర్పే బొపొమొఫో గుర్తులు. ఆ తర్వాత మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చినవాళ్ల బడుల్లో సరళ లిపి, ఉచ్చారణని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పిన్యిన్. ఒక వీధికి ఇటు ఒక బడి, అటు ఒక బడి ఉన్న ఊళ్లున్నాయి. మా పిల్లలు వెళ్లేది మాండరిన్ బడికి. అక్కడ బాగా మార్కులు వస్తున్నాయి. ఇంటికొచ్చి నాయనమ్మతో ఒక్క వాక్యం మాట్లాడలేరు. ఆవిడ టీవీ చూస్తూ, "మా భాష నేర్పే బడి లేదా?" అని అడుగుతుంది. నిజంగానే దాదాపు లేదు.

కాపాడుతున్నాం కాపాడుతున్నాం అంటూ ఇంట్లో ఉన్నదాన్నే వదిలేస్తున్నామా అని నాకు టెన్షన్.

---

బస్తీపోరడు – సోమవారం ఉదయం 9.15

అక్కా, సేమ్ టు సేమ్. మా అక్క కొడుకు తెలుగు క్లాసుల "మక్కలు" అన్నడు. టీచరమ్మ "మొక్కజొన్న అనాలి నాన్నా" అని దిద్దింది. పిల్లగాడు ఇంటికొచ్చి మా అమ్మకు వీడియో కాల్‌ల "అమ్మమ్మా, మక్కలు తప్పంట" అన్నడు. మా అమ్మకు రెండు దినాలు కోపం.

---

గోదారిగట్టు – సోమవారం ఉదయం 9.40

మా వైపు వాళ్లు పిల్లల్ని తెలుగు బడికి పంపితే అదే జరిగింది నాయనా, తిరగేసి. మా మనవరాలు "ఎల్లిపోదారే" అంటే క్లాసంతా నవ్విందట. అది మా ఆవిడ నోటి మాట. రాజోలు దాటితే ఎవరూ అనరు.

ట్రంకు పెట్టె తెరిచాను నిన్న రాత్రి. మీ అందరి పుణ్యమా అని. మా నాన్న రాసిన నీలం ఏరోగ్రాములు నలభై దాకా ఉన్నాయి. చివర మడత మీద ఎప్పుడూ చోటు సరిపోక అడ్డంగా, నిలువుగా, అంచుల్లో రాసేవారు. ఒకదాంట్లో కొబ్బరి ధర, రెండోదాంట్లో కొబ్బరి ధర, మూడోదాంట్లో వరద, కొబ్బరి ధర. మొదటి ఏళ్లలో హాజరైన తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) సభల సావనీర్లు రెండున్నాయి, చెదలు కాదు గానీ తేమ పట్టింది. మొదటి సభ 1977లో ఇక్కడే న్యూయార్క్‌లో జరిగింది, అప్పటికి నేను రాలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. నేను పోయాక మా అబ్బాయి వీటిని ఏం చేస్తాడు? వాడికి తెలుగు చదవడం రాదు. గుడికిస్తే ఏం చేసుకుంటారు? ఇంతకుముందు ఒక సంఘం వాళ్లకి పాత ఫోటోలు ఇచ్చాను, వాళ్లు ఆఫీసు మారినప్పుడు పోయాయన్నారు. అడిగితే "బాబాయ్ గారూ, స్కాన్ చేసి పెట్టుకోవాల్సింది" అన్నారు.

---

కరివేపాకు – సోమవారం మధ్యాహ్నం 12.20

బాబాయ్ గారూ, కొబ్బరి ధర ఉత్తరాలు పారేయకండి. నేను వెనక్కి తగ్గుతున్నాను. ఆ పెద్ద కథ కన్నా ఇది చదవాలనుంది నాకు.

---

సగంతెలుగు – సోమవారం మధ్యాహ్నం 1.10

గోదారిగట్టు గారూ, రూట్స్‌లో మావారికి నేర్పినవి చెబుతాను, మీకు పనికొస్తాయేమో. ఉత్తరాలు మడతలు విప్పి పరిచి ఉంచండి, మడత దగ్గరే కాగితం తెగుతుంది. స్టేపుల్స్, రబ్బరు బ్యాండ్లు తీసేయండి. ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి, పెన్ను వద్దు, ఎవరు, ఏ ఊరు, ఏ ఏడు అని. గ్యారేజీలోంచి ఇంట్లోకి తెచ్చేయండి, వేడి, తేమ మారుతూ ఉండటమే అసలు శత్రువు. ఆమ్లం లేని పెట్టెలు దొరుకుతాయి, ఖరీదు ఎక్కువేం కాదు.

అన్నిటికన్నా ముందు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఒక్కో ఉత్తరం మీరే పైకి చదవండి. మీ అబ్బాయికి చదవడం రాదు గానీ వినడం వచ్చు కదా.

---

లెక్కలమాస్టారు – సోమవారం రాత్రి 7.45

ఇంకో చోటు చెప్పడం మర్చిపోయాను. మా శాక్రమెంటోకి దక్షిణంగా నది పక్కన లాక్ అనే ఊరుంది. 1915లో చైనా వాళ్లు తమ కోసం తాము కట్టుకున్న ఊరు. కాలిఫోర్నియా 1913 చట్టం ప్రకారం వాళ్లకి భూమి కొనే హక్కు లేదు కాబట్టి ఇళ్లు వాళ్లవి, నేల వేరేవాళ్లది. ఆ నేల నివాసుల చేతికి రావడానికి 2004 దాకా పట్టింది. అప్పటికి ఊళ్లో చైనా వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. చెక్క ఇళ్లు ఒక పక్కకి ఒరిగి ఉంటాయి. పాత చైనీస్ బడి ఉంది, జూదశాల మ్యూజియంగా ఉంది. ఎండాకాలం వెళ్లొద్దు, మాడిపోతారు.

---

మిరపతోట – సోమవారం రాత్రి 9.30

నేను అడిగింది పిల్లల్ని తీసుకెళ్లే చోట్ల గురించి, దొరికింది ఇంత.

మళ్లీ వెళ్దామనుకుంటున్నాం, ఈసారి చిన్నదాన్ని మావారికి అప్పగించి నేను వింటాను. వచ్చే ఆదివారం మధ్యాహ్నం. బే ఏరియాలో ఉన్నవాళ్లు వస్తే కలుద్దాం. వెళ్లేముందు వేళలు ఒకసారి చూసుకోండి, అక్కడ వాలంటీర్లే నడుపుతున్నట్టున్నారు. సగంతెలుగు గారూ, మీవారు, నాయనమ్మ గారు వస్తారా? ఆ అక్షరాలు చదివి చెప్పేవాళ్లుంటే బాగుంటుంది. పులిహోర నేను తెస్తాను.

---

సగంతెలుగు – సోమవారం రాత్రి 10.05

వస్తాం. నాయనమ్మకి పులిహోర ఇష్టం, కారం తక్కువ వెయ్యండి. చదవడం మాత్రం ఆవిడ తోయిసాన్‌లో చదువుతుంది, మా పిల్లలు దాన్ని మాండరిన్‌లో ఊహిస్తారు, నేను తెలుగు చేస్తాను. టైం పడుతుంది.

---

కరివేపాకు – సోమవారం రాత్రి 10.12

ప్రసాదం ఉందన్నమాట, అయితే గుడే. నేనూ వస్తున్నాను. పార్కింగ్ డబ్బులు మిరపతోట గారి ఆయన కడతారా?